మొదటి రేకు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. లూథరన్ కుటుంబం మాది. ఆదివారం చర్చికి వెళ్తాం, మిగతా రోజుల్లో కరెంటు పోతే లైన్‌మన్‌ని అనుమానిస్తాం గాని ఆత్మల్ని కాదు. నేను రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారిని. ఇదంతా కళాకారుడి ఊహ అనుకునేవాళ్ళు నా బొమ్మలు చూస్తే ఆ మాట అనరు.

మొన్నటి వేసవిలో మా డెల్టాలోని పాత ఊళ్ళలో సమకాలీన కళల పండగ పెట్టారు. కాలవ లాకుల దగ్గరి బంగళాలు, మూతపడ్డ బియ్యం కొట్లు, కళాకారుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో పాత కట్టడం ఇచ్చారు. మే నెలలో పెట్టాలన్న ఆలోచన మాత్రం ఏసీ గదిలోనే పుట్టి ఉంటుంది. నాకు ఆత్రేయపురం దగ్గర కాలవ గట్టు మీద ఒక పెంకుటిల్లు దక్కింది. గది నిండా పూతరేకులు తీగలకు వేలాడదీసి, కిటికీ వెలుతురు వాటిలోంచి రానివ్వాలని నా పథకం.

రేకులు తీసేది మా సువార్తక్క. బోర్లించిన కుండ, లోపల మంట. పల్చటి పిండినీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నేను ప్రయత్నిస్తే అప్పడం వచ్చింది.

అక్కకి ఒక పట్టింపు ఉంది. కుండ అదునుకు రాకముందు తీసే మొదటి రేకు ఎప్పుడూ చినుగుతుంది. దాన్ని పారేయదు, అమ్మదు. చిటికెడు బెల్లం పెట్టి, నాలుగు మడతలు వేసి నాకిస్తుంది. నేను తినేదాకా రెండోది తియ్యదు. "నువ్వు తింటేగాని కుండ మాట వినదురా" అంటుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే. నాకు నలభై దాటాక, పండగ నిర్వాహకుల ముందు కూడా తినిపించింది. వాళ్ళు అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ప్రారంభం దగ్గర పడ్డాక, ఆ గదిలోనే కుండ ముందు కూర్చున్న అక్క పక్కకి ఒరిగిపోయింది. వడదెబ్బ. రాజమండ్రి ఆసుపత్రికి చేర్చేసరికి స్పృహ లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. డాక్టరు గారు "చూద్దామండి" అన్నారు. ఆ ఒక్క మాటని నేనూ బావా వరండాలో కూర్చుని తిరగేసి, బోర్లేసి చూసుకున్నాం. ఎటు తిప్పినా ఆశ కనబడలేదు. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" తర్వాత మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చేవాళ్ళం.

ఈలోగా నిర్వాహకుల ఫోను. వడగాలికి రేకులు రాలిపోతున్నాయట, కిటికీలోంచి కనబడుతోందట. రాలనివ్వండి అన్నాను. బావ ఒప్పుకోలేదు.

"వెళ్ళి చూడరా. అది లేచి, నా రేకులేవీ అంటే నేనేం చెప్పను?"

"లేస్తుందంటావా బావా?"

"లేవకపోతే ఎలారా? బీరువా తాళాలు ఎక్కడ పెట్టిందో కూడా నాకు తెలీదు."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వాచ్‌మన్ సత్తిబాబు తాళం తీశాడు. అక్క పడిపోయిన రోజు వేసిందే ఆ తాళం.

లోపల సగం రేకులు నేల మీద పొడిగా పడి ఉన్నాయి. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. కుండ వెచ్చగా ఉంది. అది సాక్ష్యం కాదు, మే నెలలో మా మంచాలు కూడా వెచ్చగానే ఉంటాయి. కానీ కుండ పక్కన గుడ్డ తడిగా ఉంది. పిండినీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఆ గాలికి తడి తువాలు పావుగంట ఆగదు. గిన్నెలో పిండేమో ఎప్పుడో ఎండి పెచ్చులు కట్టింది.

నేను రోజూ కూర్చునే పీట మీద చినిగిన రేకు ఒకటి, నాలుగు మడతలు వేసి ఉంది. విప్పి చూశాను. లోపల బెల్లం.

"ఇక్కడికి ఎవరొచ్చారు సత్తిబాబూ?"

"ఆయ్, తాళంచెవి నా మొలకే ఉందండి. ఎవరొత్తారండి?" అన్నాడు. తర్వాత గుడ్డ వైపు చూశాడు. గుమ్మం దిగిపోయాడు. చెప్పులు అక్కడే వదిలేశాడు.

నేనూ భయపడవలసిందే. తీరిక లేకపోయింది. చదువుకున్నవాడెవడైనా ముందు ఫోటో తీస్తాడు, డబ్బాలో భద్రం చేస్తాడు. నాకు తోచింది ఒక్కటే: నేను తినకపోతే అక్క రెండోది తియ్యదు. పీట మీద కూర్చుని, వెక్కి వెక్కి ఏడుస్తూ తినేశాను. వేళ్ళకంటిన పొడితో సహా.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే అక్క కళ్ళు తెరిచి ఉంది. మందులు పని చేశాయండి, అన్నారు డాక్టరు గారు. కాదనడానికి నేనెవణ్ణి? నన్ను పోల్చుకోవడానికి అక్కకి కాసేపు పట్టింది.

"మొదటిది చినిగిందిరా," అంది పీలగొంతుతో. "బెల్లం చాలిందా?"

కలవరింత అన్నాడు బావ. కావచ్చు. మొదటిది ఎప్పుడూ చినుగుతుంది, బెల్లం సంగతి ఎప్పుడూ అడుగుతుంది. ఆ మాట అన్నట్టు కూడా తర్వాత అక్కకి గుర్తులేదు.

అక్క గుడ్డ లాగే చెయ్యి మాత్రం ఇప్పటికీ భుజం దాటి లేవదు. మళ్ళీ కుండ ముందు కూర్చోలేదు. అంటే అక్క తీసిన ఆఖరి రేకు అదే, తీసింది అక్కే అయితే.

ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలీదు. విన్నవాళ్ళు, ఆధారం ఏదండీ అని అడుగుతారు. న్యాయమే.

తినేశానండి.