బండి వెనక బరువు

జమ్మలమడుగు శనగల గోడౌనులో మా మామ పాత హమాలీ. మా అమ్మ తమ్ముడాయన. బస్తాకు కొక్కెం ఎట్లా వేయాలో, వీపు మీదికి ఎట్లా తీసుకోవాలో నాకు నేర్పింది ఆయనే.

మొదట చేత్తో లాగే పాలెట్ ట్రాలీ వచ్చింది. బస్తాలు పేర్చిన చెక్కపలక కిందికి దూర్చి పిడి ఊపితే, దిమ్మె మొత్తం బెత్తెడు లేచేది. నడుములు మిగిలాయని సంతోషించాం. తర్వాత బస్తాలను పైవరుసకు ఎత్తే స్టాకర్ వచ్చింది. చివరికి ముందున్న ఇనుప కొమ్ములతో దిమ్మెను ఎత్తుకుని తిరిగే డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్. యంత్రం వచ్చిన ప్రతిసారీ మాలో కొందరికి "రేపట్నుంచి రావద్దప్పా" అన్నారు. పొమ్మనలేక పొగబెట్టడమంటారే, మాకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఆ ఫోర్క్‌లిఫ్ట్ ఎవరో వాడి అమ్మేసిన చిన్న బండి. యజమాని ఆశ మాత్రం పెద్దది. అది మోయగలిగినదానికంటే ఎక్కువ పేర్పించేవాడు. ఎత్తగానే వెనక చక్రాలు గాల్లోకి లేచేవి.

"వెనక ఎవురైనా ఎక్కి నిలబడండప్పా. బరువు ఆగుతాది" అన్నాడు యజమాని.

డ్రైవరు ప్రొద్దుటూరు మనిషి, కువైట్‌లో ఇట్లాంటి బండే నడిపి వచ్చినవాడు. "ఆడ ఇట్ల మనిషిని ఎక్కిస్తే ఆ పొద్దే ఇంటికి పంపిస్తారు సార్" అన్నాడు.

"ఇది కువైట్ గాదు లేప్పా. నడుపు."

మామ ఎక్కాడు. ఎవరూ బలవంతం చేయలేదు. రావద్దన్న మాట తన దాకా రాకుండా ఉండటానికి ఆయనకు దొరికిన చోటు అదొక్కటే. నాకు ఒళ్లు మండింది. దిగమన్నాను.

"నోరు మూసుకోని పని సూడల్లుడా. మోసేటోడు వద్దంట, బరువుకు నిలబడేటోడు కావాలంట. నిలబడతా, ఏం పోయింది?"

సంగటి తిన్న ఒళ్లు ఆయనది. ఏనాడూ బస్తా జారవిడవని మనిషి, ఇనుప కడ్డీ పట్టుకుని శనగల వెంట అటూ ఇటూ ఊరేగుతుంటే తోటి హమాలీలే నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. దసరాకు బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచినప్పుడు, మామ తన కొక్కేన్ని కూడా దాని ముందే పెట్టి దండం పెట్టుకున్నాడు. ఏమని మొక్కుకున్నాడో నేను అడగలేదు.

లారీలు ఆగే వాలు దగ్గర సిమెంటు లేచిపోయి గుంత పడింది. ఒకరోజు చక్రం అందులో దిగి బండి ఎగిరిపడింది. మామ వెల్లకిలా పడ్డాడు. తుంటి విరిగింది. ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేయించి, పులివెందులలో ఉన్న ఆయన కూతురి ఇంటికి చేర్చాం.

యజమాని గుంత పూడ్పించలేదు. నాపరాయి బండలు తెప్పించి, మామ నిలబడిన చోట గొలుసుతో కట్టించాడు. వెనక చక్రాలు నేలకు ఆనేదాకా డ్రైవరు ఒక్కో బండా పెంచుతూ పోయాడు. మా మామ ఎన్ని బండలకు సమానమో ఆ రోజు అందరికీ తెలిసింది.

ఆదివారం పులివెందుల పోయాను. మంచం మీద నుంచే అడిగాడు.

"నా తావులో ఎవుర్ని ఎక్కిచ్చినారల్లుడా?"



"ఎవుర్నీ ఎక్కియ్యలేదు మామా" అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన ముఖం విప్పారింది.

"సూస్తివా! నేను లేసి వచ్చేదాకా ఆ తావు నాదే" అన్నాడు.