శుభ్రమైన గొంతు

పుస్తకాలు చదివే చిన్న గుంపు మాది. నెలకొక ఆదివారం తిరుపతిలో కలుస్తాం. బ్యాంకులో పనిచేసేవాళ్లు, టీచర్లు, సెల్‌ఫోన్ల కొట్టు నడిపే ఒకాయన, నాలాగా ప్రైవేటు కాలేజీ ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు ఉన్నారు. అందరిలోకీ పెద్దాయన ఒక రిటైర్డు తెలుగు లెక్చరరు. మేమంతా ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్లం.

పోయిన ఎండాకాలం సారుకి ఒక ఆలోచన వచ్చింది. ఒక నవల తీసుకుని, పొద్దున మొదలుపెట్టి చీకటి పడేలోగా ఒకరి తర్వాత ఒకరం పైకి చదివి పూర్తి చేద్దామన్నారు. సెల్‌ఫోన్ల కొట్టు ఆయన దాన్నంతా రికార్డు చేసి యూట్యూబులో పెడతానన్నాడు. అందరికీ ఉత్సాహం వచ్చింది. ఒక ట్యూషన్ సెంటరు వాళ్లు ఆదివారం పూట తమ మేడమీది హాలు వాడుకోమన్నారు. నవల కూడా సారే ఎంచారు. మా వైపు పల్లెలో వానలు లేక ఒక కుటుంబం ఊరొదిలి పోయే కథ అది. కథ నడిపేదంతా పుస్తకాల భాష. మనుషులు మాట్లాడుకునేది మాత్రం మా భాషే. మా నాయన, మా పెద్దమ్మ మాట్లాడినట్టే ఉంటుంది.

ఆ సంగతి తెలియగానే అందరికంటే ఎక్కువ సంతోషపడింది ఐరాల అక్క. ఆమెకీ, ఆమె భర్తకీ చిత్తూరు దగ్గర ఐరాలలో మామిడితోట, కొంత చెరకు ఉన్నాయి. యాభై దాటిన మనిషి. ఇంటరు అయిపోగానే పెళ్లి చేశారట. మెట్టినింట్లో పుస్తకం ముట్టేవాళ్లు ఎవరూ లేకపోయినా ఈమె మాత్రం చదవడం మానలేదు. పొద్దున్నే బస్సెక్కి, చిత్తూరులో మారి, తిరుపతి దాకా వచ్చేది. కథలో మనుషుల గురించి పక్కింటివాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడేది. "ఆయప్పకి బుద్ధుండాదా? పెండ్లాం అంత సెప్పినా వినకుండా పోతాడా?" అనేది. ఆమె అలా మాట్లాడుతుంటే ఆ పుస్తకం నాకు మళ్లీ చదవాలనిపించేది.

ఆ ఆదివారం సార్ మొదలుపెట్టారు. కథ చెప్పే భాగం గొప్పగా చదివారు, కాదనను. కానీ మాటలు వచ్చేసరికి గొంతు మార్చేశారు. బొంగురుగా, సాగదీసి, సినిమాల్లో పల్లెటూరి జోకరు మాట్లాడినట్టు. ఒక ఘట్టంలో ఇంటాయన తన ఆవుని సంతకు తోలబోతూ భార్యతో రెండు మాటలు మాట్లాడతాడు. "నువ్వు బయటికి రావాకు. అది నిన్ను సూస్తే కదలదు" అంటాడు. సార్ ఆ మాట చదవగానే హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పెంచిన ఆవుని అమ్మేవాడి మాటలో నవ్వడానికి ఏముంది? పక్కకి చూశాను. అక్క నవ్వడం లేదు. పుస్తకంలో ఆ లైను మీద వేలు పెట్టుకుని, తల ఎత్తకుండా కూర్చుంది.

ఆ తర్వాత ఇద్దరు చదివారు, నేను చదివాను, నా తర్వాత అక్క చదివింది. ఊరొదిలి రానని ముసలమ్మ మొండికేసే భాగం ఆమెకి వచ్చింది. అక్కకి 'చ' పలకదు, 'స' అంటుంది. చిత్తూరు పల్లెల్లో చాలామంది అంతే. 'చూశాడు' అని ఉన్నచోట 'సూశాడు' అంది, 'చేను' అని ఉన్నచోట 'సేను' అంది. కానీ ముసలమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. అక్క గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కొడుకుతో కోపంగా ఉన్న తల్లి ఎట్లా మాట్లాడుతుందో అట్లా చదివింది, అంతే. బ్యాంకులో పనిచేసే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. సార్ మాత్రం సెల్‌ఫోన్ల కొట్టు ఆయన వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. ఆ ఊపడం ఏంటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం అందరం ఇళ్ల నుంచి తెచ్చుకున్నవి విప్పాం. అక్క అందరికీ సరిపడా చిత్రాన్నం, ఉర్లగడ్డ తాళింపు తెచ్చింది. సార్ రెండోసారి కూడా పెట్టించుకుని, "అమ్మా, మీ చేతి వంట అమృతం" అన్నారు. తిని చేతులు కడుక్కుని నన్ను పక్క గదిలోకి రమ్మన్నారు. అది ట్యూషన్ సెంటరు స్టాఫ్ రూము. సెల్‌ఫోన్ల కొట్టు ఆయన అప్పటికే అక్కడ మైకు పెట్టి కూర్చున్నాడు.

"ఒక చిన్న సాయం చేయాలమ్మా. ఆమె చదివిన పేజీలు మీరు ఇక్కడ మళ్లీ ఒకసారి చదవండి. యూట్యూబులో అది పెడదాం" అన్నారు సార్.

"ఎందుకు సార్? రికార్డు కాలేదా?"

"రికార్డయింది. కానీ ఉచ్చారణ చూశారుగా. పిల్లలు కూడా వింటారు. మీ గొంతు శుభ్రంగా ఉంటుంది."

శుభ్రంగా! ఆ మాట ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది. నేను పాకాల దగ్గర పల్లెలో పుట్టిన దాన్ని. తిరుపతిలో కాలేజీకి వచ్చిన కొత్తలో 'ఉండాది' అన్నందుకు క్లాసంతా నవ్వితే, 'ఉంది' అనడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆఫీసులో 'ఉంది', ఇంటికి ఫోన్ చేస్తే 'ఉండాది'. ఆయన మెచ్చుకుంటున్న శుభ్రత అట్లా వచ్చింది. నా నోరు నవ్వులతో కడిగారు. అది ఒక గొప్ప అన్నట్టు ఇప్పుడు అక్కని తుడిచేయడానికి నన్నే గుడ్డలా వాడుకుంటానంటున్నారు.

"ఆమెకి చెప్పారా?" అని అడిగాను.

"చెప్పి బాధపెట్టడం ఎందుకమ్మా? ఆమె యూట్యూబు అంతగా చూస్తారా ఏం?"

అంతే, నా నోరు అదుపు తప్పింది. "శుభ్రం అంటే ఏంది సార్? అక్క గొంతు మురికా? పొద్దున మీరు సదివినప్పుడు అందరూ నవ్వినారే, ఆ నవ్వు శుభ్రమా? అక్క సదివితే ఏడ్సినారు. మీకు సెవులు ల్యావా?" అన్నాను. నా నోట్లో మా ఊరి మాటే వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత తిరుపతిలో ఒక చదువుకున్న మనిషి ముందు అలా మాట్లాడాను.

"అరవకండమ్మా. ఇది వ్యక్తిగతంగా తీసుకోకండి" అన్నారు సార్.

నేను అరిచింది హాల్లోకి వినపడింది. తలుపు దగ్గరికి అక్క వచ్చి నిలబడింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఏంమే, ఏమైంది? నన్ను గురించేనా?" అంది. సెల్‌ఫోన్ల కొట్టు ఆయన మైకు తీగ వైపు చూస్తూ కూర్చున్నాడు. దాచాలని నాకు అనిపించలేదు. "నువ్వు చదివింది తీసేసి నన్ను చదవమంటున్నారు అక్కా" అన్నాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. అక్క ముఖం గట్టిపడింది. తిన్నగా సార్ ముందుకి వచ్చింది.

"సార్, మీది యా ఊరు?"

ఆయన నాయుడుపేట దగ్గర ఒక పల్లె పేరు చెప్పారు.

"మీ అమ్మ ఎట్ల మాట్లాడేది సార్?"

సార్ "మా అమ్మ చదువుకోలేదమ్మా" అన్నారు.

"నేను సదువుకున్నాను. రెండు బస్సులెక్కి వచ్చేది దానికే. మీకు నా సదువు పనికిరాకుంటే నా మొగం మీద సెప్పండి. నేను పెట్టిన కూడు తిని, నా యెనక ఈ పని సేస్తారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. అప్పటికి మిగతావాళ్లు కూడా గుమ్మం దగ్గర మూగారు. "అక్క చదివింది అట్లాగే ఉండాలి. లేకపోతే నాది కూడా తీసేయండి" అన్నాను నేను. "నాది కూడా" అంది బ్యాంకు ఆమె. ఒక టీచరు కూడా ఆ మాటే అన్నాడు. మిగతావాళ్లు? ఒకాయన సెల్‌ఫోన్ తీసి చూసుకున్నాడు. ఒకామె "సార్ పెద్దవారు కదా, ఇంత గొడవెందుకు" అని గొణిగింది. ఇద్దరు డబ్బాలు సర్దుకోవడానికి వెనక్కి వెళ్లారు. సార్ ఎవరూ వినని చోట ఆ మాట అన్నారు. వీళ్లు అంతా విని నోరు మూసుకున్నారు. నాకు సార్ కంటే వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

సార్ సంచీ తీసుకుని, "మీ ఇష్టం, ఏమైనా చేసుకోండి" అని మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను కూడా వెళ్లిపోదామని చెప్పులు వేసుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "యాడికి పోతావు? కథలోవాళ్లు బండెక్కినారు, యాడ దిగుతారో తెల్దు. కథ ముగించకుండా నేను పోను" అంది. సెల్‌ఫోన్ల కొట్టు ఆయన మైకు తీసి పెట్టెలో పెట్టేశాడు. మేము ఏడెనిమిది మందిమి కుర్చీలు దగ్గరగా లాక్కుని కూర్చున్నాం. బ్యాంకు ఆమె మొదలుపెట్టింది. ఒక పేజీ, రెండు పేజీలు. తర్వాత కథ మమ్మల్ని లాక్కుపోయింది. నా వంతు వచ్చినప్పుడు మాటలన్నీ మా ఇంట్లో మాట్లాడినట్టే చదివాను. మొదట సిగ్గేసింది, తర్వాత పోయింది. బయట వీధి దీపాలు వెలిగేసరికి నవల అయిపోయింది. చివరి పేజీ అక్కనే చదవమన్నాం. ఆ మధ్యాహ్నం చదివినంత బాగా మేము ఎప్పుడూ చదవలేదు. అదెక్కడా రికార్డు కాలేదు.

కొన్నాళ్లకి ఆ వీడియో యూట్యూబులో వచ్చింది. పొద్దున చదివినంత వరకే పెట్టి, మొదటి భాగం అని పేరు పెట్టారు. అందులో అక్క పేజీలు సార్ స్వయంగా చదివి చేర్చారు. ముసలమ్మ మాటలకి గొంతు వణికించారు. నాదీ, బ్యాంకు ఆమెదీ, ఆ టీచరుదీ తీసేయమన్నా తీయలేదు. కింద నేను నాలుగు వాక్యాలు రాశాను. మర్నాటికి అవి లేవు. మళ్లీ రాశాను, మళ్లీ లేవు. సెల్‌ఫోన్ల కొట్టుకే వెళ్లి అడిగాను. "నన్నేం చేయమంటారు మేడం, సార్ చెప్పారు" అన్నాడు. "మీ వీడియో, మీ ఫోను, మీ చెయ్యి. సార్ చెప్పడమేంది?" అన్నాను. కొట్లో ఉన్న జనమంతా నన్నే చూశారు. చూడనీ.

అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆమె అప్పటికే విన్నదట. "వాళ్ల సావు వాళ్లు సావనీ. మామిడికాయల కోత అయిపోయినాక మా ఇంట్లో సదువుదాం. పొద్దున్నించి పొద్దుగూకే దాకా. ఎవురొస్తారో రానీ" అంది.

కోత అయిపోయాక వెళ్లాం. అక్క ఇంటి వసారాలో చాపలు పరిచింది. ఇంకో నవల, ఈసారి అక్క ఎంచుకున్నది. ఆమె భర్త కూడా తలుపుకి ఆనుకుని నిలబడి కాసేపు విని, తర్వాత అక్కడే కూర్చుండిపోయాడు. చదువు బాగా సాగింది. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర నోరు మూసుకున్నవాళ్లలో ముగ్గురు కూడా వచ్చారు. ఏమీ జరగనట్టు "ఎంత బాగుందో కదా ఇక్కడ" అంటూ మాట్లాడారు. అక్క అందరికీ ఒకేలా వడ్డించింది. "ఇంటికొచ్చినోళ్లతో కొట్లాడతామా మే, తిను" అని నన్ను గదిమింది.

తిన్నాను. నా వంతు వచ్చినప్పుడు చదివాను. ఆ ముగ్గురిలో ఒకామె నా పక్కన చేరి, "మీ పలుకులో ఏదో అందం ఉందండీ" అంది. నేను ఆమె వైపు చూడలేదు, బదులు చెప్పలేదు. ఆమె కాసేపు ఎదురుచూసి, చాప ఇంకో మూలకి జరుపుకుంది. జరుపుకోనిచ్చాను.