గొంతు దించిన చెయ్యి

మా బావమరిది పోయాడని చెప్పడానికి ఏటి అవతల సర్కండా పేట నుంచి ఒక మనిషి ఆటోలో వచ్చాడు. నేను వాకిట్లో కూర్చుని గెడ్డం గీసుకుంటున్నాను. "బాబూజీ, మీ సాలేసాబ్ లేరు" అన్నాడు. సగం గెడ్డంతోనే ఆటో ఎక్కాను. అర్పా ఏటి వంతెన మీద నాకొచ్చిన మొదటి ఆలోచన ఏటంటే, ఇక నా ఆడదాని గొంతు నాకెవడు వినిపిస్తాడు అని. పోయినవాడి కోసం ఏడవాలి. నేను నాకోసం ఏడిచాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నాకు రాత అంతంతమాత్రం. రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మన తెలుగు సంఘం కుర్రాళ్ళు వాడి గురించి రాయమన్నారు. అక్షరాలు తప్పుంటే దిద్దండి, మాటలు మాత్రం ముట్టుకోకండి.

వాడు నా భార్యకి తమ్ముడు. టెలిఫోను తీగల డ్యూటీ చేసేవాడు. ఎవరో పెద్దాఫీసరు బదిలీ అయిపోతూ ఒక చక్రాల టేపు రికార్డరు వాడికిచ్చి పోయాడు. క్యాసెట్టు కాదు, రెండు చక్రాలు పైనే తిరుగుతాయి. అప్పటికే అది ముసలి సరుకు. వాడు దాన్ని పసిపిల్లలా చూసుకునేవాడు.

మన క్వార్టర్లలో ఏ పెళ్ళి జరిగినా పసుపు కొట్టేటప్పుడు పాట నా భార్యే ఎత్తుకోవాలి. శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న పాటలు. ఒక పెళ్ళిలో తమ్ముడు ఆ పాట టేపులో పట్టుకుంటానన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సెల్లులేమో అయిపోయినవి. మా ఇంటిదానికి ఒక అలవాటుండేది. అయిపోయిన సెల్లులు పారేయనిచ్చేది కాదు, వడియాలతో పాటు డాబా మీద ఎండలో పెట్టేది. ఎండ తాగితే మళ్ళీ కొంచెం పనిచేస్తాయి. అవే తెచ్చి ఇచ్చింది. వాటితోనే పాట పట్టాడు.

మరుసటి వానాకాలం జ్వరంతో ఆవిడ పోయింది.

అంతా అయ్యాక టేపు వేశాం. అందులో ఉన్నది ఆవిడ కాదు. కీచుమని పిచికలాగ ఏదో అరుస్తోంది. పాట పట్టినప్పుడు సెల్లులు నీరసించి మోటారు మెల్లగా తిరిగింది. ఇప్పుడు నిండు కరెంటు మీద జోరుగా తిరుగుతోంది. పాట సాగినకొద్దీ సెల్లులు ఇంకా చచ్చాయి కాబట్టి, చివరికొచ్చేసరికి మరీ కీచు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఆ చక్రం మీదే ఉంది, ఉండీ లేదు.

దయాల్‌బంద్‌లో రిపేరు కొట్టువాడు "కొత్తది కొనుక్కో దాదా" అన్నాడు. కొట్టబోయాను. నేనెవరినీ ఎప్పుడూ బతిమాలినవాణ్ణి కాదు. ఈ బావమరిదిని బతిమాలాను.

"ఏరా, ఆవిడ గొంతు నాకు తెచ్చిపెడతావా లేదా?"

"తెస్తాను గానీ బావా, నువ్వు పక్కన నిలబడి అలగ బుసకొట్టకు. ఇది ఇంజను కాదు, జడుసుకుంటాది."

మోటారు లోపల స్పీడు పెరగనీకుండా పట్టుకునే చిన్న గవర్నరు ఉంటాది, ఇంజన్లో ఉన్నట్టే. దాన్ని తప్పించాడు. దాని బదులు బయటికి ఒక బిరడా పెట్టి, తిప్పితే మోటారు ఎక్కువా తక్కువా తిరిగేలా చెయ్యాలని వాడి ఎత్తు. మొదట రేడియోలో వాడే సన్న కంట్రోలు వేశాడు. పొగొచ్చింది. నేను గోడకి తల కొట్టుకున్నాను. "అది క్వార్టరు గోడ బావా, సర్కారు ఊరుకోదు" అన్నాడు. ఆ నవ్వుమొహంతోనే కబాడీవాడి పాతసామాన్ల కుప్పలు వెతికి, తీగ చుట్టిన లావు కంట్రోలు ఒకటి తెచ్చి బిగించాడు. మరలు వేళ్ళతో ఎక్కించాకే స్క్రూడ్రైవరు ముట్టుకునేవాడు. "మర దానంతట అది ఎక్కాలి, మనం కాసుకోవాలంతే" అనేవాడు.

బిరడా తిరిగింది. గొంతు దిగింది. అయితే ఎంత దించాలి? ఒకచోట ఆడది, ఇంకొంచెం తిప్పితే మగాడు. నాకు పిచ్చెక్కింది. నా పెళ్ళాం గొంతు నాకే గుర్తులేదా అని భయం పట్టుకుంది.

దారి వాడికే తట్టింది. పాట మధ్యలో షెడ్డు భోంపూ, అదే ఆవిరి కూత, మోగుతాది. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు మోగేది. భోంపూ గొంతు మారదు కదా! ఆవిరింజన్లు పోతున్నాయి, భోంపూ కూడా తీసేస్తారని అప్పటికే మాట పుట్టింది. వాడు సెలవు పెట్టి సైకిలు తొక్కుకుంటూ మా అరుగు మీదికొచ్చేవాడు. టేపు సరిగ్గా ఆ చోటికి చుట్టి కూర్చునేవాడు. బయట భోంపూ కూయగానే టేపు వదిలి బిరడా తిప్పేవాడు. అందకముందే బయటిది ఆగిపోయేది. మళ్ళీ మర్నాడు. ఒకనాడు రెండూ ఒకటైపోయాయి. ఏది లోపలిది, ఏది బయటిది తెలీలేదు. బయటిది ఆగింది. లోపల ఆవిడ పాడుతోంది. ఆవిడే.

వాడు కళ్ళు మూసుకుని, ఆమె వెనకాలే మెల్లమెల్లగా బిరడా దించుతూ పోయాడు.

"ఎలగరా తెలిసింది?"

"అక్క చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పాడేది బావా. చెయ్యి దానంతటది పోతోంది."

ఆ తరవాత ఏడాదికొకసారి, ఆవిడ తద్దినం నాడు భోజనాలయ్యాక వేసేవాడు. అంతకుమించి ఒప్పుకునేవాడు కాదు. వేసినప్పుడల్లా టేపు మీంచి గోధుమరంగు పొడి రాలతాది. ఆ పొడే పాట.

పెద్దకర్మ అయిన మర్నాడు వాడి భార్య ఆ టేపు రికార్డరు పెట్టెని చీరకొంగులో చుట్టి తెచ్చింది. నాకు చెల్లెలి వరస.

"అన్నయ్యా, టేపు చివర ఆయన మాట ఉంది. ఒక్కసారి ఎయ్యవా?"

నిజమే. పాటయ్యాక వాడే "అక్కా, ఇంకోటి పాడవే" అంటాడు. అక్కడికి రాగానే ఎప్పుడూ ఠక్కున ఆపేసేవాడు. "నా గొంతు ఎవడికి కావాలి, ఉత్తినే టేపు అరిగిపోతాది" అనేవాడు. ఆ ముక్కకి ఎంత తిప్పాలో వాడూ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు భోంపూ లేదు. వాడి చెయ్యి లేదు. నావి సుత్తి పట్టిన వేళ్ళు.

"నా వల్ల కాదమ్మా. పాడుచేస్తాను."

"పెట్లో దాచుకుంటే మాటాడతాడేటి అన్నయ్యా?"

వేశాను. నా ఆడదాని పాట నా చేతిలో వంకరలు తిరిగిపోతూ పోయింది, ఒక్క ముక్క దొరకలేదు. పాట అయింది. "అక్కా" అని పిట్టలాగ కీచుమంది.

"కిందకన్నయ్యా... ఇంకా కిందకి..."

తిప్పాను. "పాడవే" అన్న ఒక్క మాట వాడి గొంతుతో వచ్చింది. ఇద్దరం విన్నాం. అంతే, టేపు అయిపోయి, కొస చక్రం మీంచి జారి టపటపా కొట్టుకోసాగింది. ఆపుదామని చెయ్యి తియ్యబోయాను. చెల్లెలు నా చేతిని బిరడా మీదే అదిమి పట్టుకుంది. ఖాళీ చక్రం తిరుగుతూనే ఉంది.