వీపు వెనక చెయ్యి

ఒక మాట చెప్పకుండా ఇరవై ఏళ్లు దాటించాను. గుండెల మీద రాయి అంటారు. రాయైతే ఒకచోట పడి ఉంటుంది. ఇది ఎప్పుడు లేస్తుందో తెలియదు. పిల్లలకు టీకా వేస్తుంటే లేస్తుంది. బస్సులో పక్కన కూర్చున్న ఆడమనిషి మోచెయ్యి తగిలితే లేస్తుంది. అప్పుడు ఎవరో నా పేరు పెట్టి పిలుస్తారనిపిస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను, మా ఊరి పేరూ రాయను. అరకు దాటాక ఒడిశా సరిహద్దు వైపు కొండల్లో ఉందనుకోండి, చాలు. ఇందులో మనిషి పేరు ఒక్కటే ఉంది, దాన్ని మార్చకుండా రాశాను. అది మా వదినది. బుదరి.

తొంభైల చివర్లో మా కొండలో ఖనిజం ఉందని కొలతలవాళ్లు రావడం మొదలైంది. కొండ పోతే దాని మీంచి పారే గెడ్డ ఎండుతుంది, గెడ్డ ఎండితే రాగి చేలూ కాఫీ మొక్కలూ పోతాయి. ఇది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలా ఆపాలన్నది మాత్రం తెలియలేదు. అప్పుడు గిరిజన సంఘం తరఫున మైదానం నుంచి ఒక అన్న వచ్చేవాడు. సంతరోజున మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఒకసారి పేపర్లో అచ్చయిన, మడతలు పడిన బొమ్మ ఒకటి తెచ్చాడు. సముద్రం అవతల నల్లవాళ్లు, ఆడా మగా, చేతుల్లో చేతులు దూర్చి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. ఎదురుగా పోలీసులు, కుక్కలు. బొమ్మ చేతులు మారుతూ తిరిగింది. మాకన్నా నల్లగా ఉన్నారని ఆడవాళ్లు నవ్వుకున్నారు. ఒక ముసలామె వీళ్లు కూడా మనలా వరసకట్టి థింసా ఆడతారా అని అడిగింది. కాదమ్మా, తెల్లవాళ్లతో సమానంగా బతకనివ్వమని నిలబడ్డారు, అందుకు దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు, అయినా చెయ్యి వదల్లేదు అని ఆ అన్న చెప్పాడు. నవ్వులు ఆగాయి.

మనమూ అలా నిలబడొచ్చు కదా అని మొదట అన్నది బుదరి వదినే. కొత్తగా నేర్చుకునేదేముంది, పండగ పండగకీ పట్టుకునే చేతులే కదా అంది.

ఆమె మా అన్న భార్య. సరిహద్దు అవతలి ఊరి నుంచి మా ఇంటికి వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్లు. నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ, పిల్లా అన్నట్టు గుంటా అనే అనేది. థింసాలో అడుగు వెయ్యడం నాకు ఆమే నేర్పింది. కాలు తప్పితే ఏం కాదు, చెయ్యి తప్పితే వరసంతా పడిపోతుందని చెప్పేది. ఆమె తమ్ముడు కొలతలవాళ్ల క్యాంపులో కూలికి చేరాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అప్పటికి ఎవరూ తప్పు పట్టలేదు.

కొలతలవాళ్ల జీపులు చైత్రమాసంలో, మా ఇటుకల పండగ రోజుల్లో వచ్చాయి. మా వైపు ఆ పండగకు మగవాళ్లు వేటకు వెళతారు. ఆడవాళ్లం రోడ్డుకు అడ్డంగా వెదురు కర్ర పెట్టి, వచ్చే పోయే బళ్లను ఆపి, ఏదో ఒకటి ఇచ్చేదాకా పాడతాం. డ్రైవర్లందరికీ ఇది అలవాటే. అందుకే ముందు జీపు డ్రైవరు నవ్వుతూ నోటు తీసి చాచాడు. ఎవరూ తీసుకోలేదు. ఎవరూ పాడలేదు కూడా. అతను ఇంకో నోటు కలిపి చాచాడు. అప్పటికీ మేం కదలకపోయేసరికి అతని మొహంలో నవ్వు పోయింది. వెనక జీపులోంచి పోలీసులు దిగారు.

వెదురు కర్ర లాగి అవతల పారేశారు. మేం వరస కట్టాం.

మా చేతుల గురించి ఇక్కడ చెప్పాలి. థింసాలో చేతులు ముందు ఉండవు, వీపుల వెనక ఉంటాయి. నా ఎడమ చెయ్యి వదిన వీపు వెనక, ఆమె కుడి చెయ్యి నా వీపు వెనక. వరసకు ఇటు చివర నేనే, నా కుడి పక్కన ఎవరూ లేరు. ఎవరు ఎంత గట్టిగా పట్టుకున్నారో పట్టుకున్నవాళ్లకే తెలుసు. ముందు నుంచి చూసేవాళ్లకు తెలియదు. వరసలో అవతల ఉన్నవాళ్లకూ తెలియదు. ఈ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. తరువాత తట్టింది. తట్టాక దాని వెనకే దాక్కున్నాను.

ఒక పోలీసు అవతలి చివరి నుంచి ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకుంటూ వస్తున్నాడు. నాకు పంతొమ్మిదేళ్లు. నర్సు ట్రైనింగుకు సెలక్ట్ అయ్యానని కాగితం వచ్చి వారమే అయింది. అది మా ఇంట్లో రేకు పెట్టెలో, కొత్త చీర మడతలో ఉంది. కేసు పడితే గవర్నమెంటు ఉద్యోగం రాదని ఎవరో అనగా విన్నాను. పోలీసు నాకు నలుగురి అవతలకు వచ్చాడు. అదే సమయానికి జీపు కదిలింది. మెల్లగా, మనిషి నడిచేంత మెల్లగా. ఇంజను వేడి నా మోకాళ్లకు తగిలింది. వదిన వేళ్లు నా నడుం దగ్గర బిగుసుకున్నాయి.

నేను చెయ్యి తీసేశాను.

జారలేదు. తీసేశాను. తీసి, ఒళ్లు వెనక్కి లాక్కున్నాను. వదిన చేతిలో నా కొంగు ఉండిపోయింది, దాన్నీ లాక్కున్నాను. చక్రానికి భయపడ్డానా, ఆ పోలీసు చేతిలో పుస్తకానికి భయపడ్డానా? చక్రానికే అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే ప్రాణభయం అంటే ఎవరైనా క్షమిస్తారు కదా, చావుకు భయపడని మనిషి ఎవరు అని అడగొచ్చు కదా. కానీ పక్కకు తప్పుకుంటే సరిపోయేదానికి, ఎందుకు పరిగెత్తాను? కాఫీ మొక్కల మధ్య బోర్లా పడుకుని నా పేరు ఇంకా రాయలేదు, ఇంకా రాయలేదు అని ఎందుకు అనుకున్నాను?

నేను వదిలిన సందులోంచి జీపులు వెళ్లిపోయాయి. తూలి పడిన వదిన కుడి పాదం మీదుగా ముందు జీపు చక్రం వెళ్లింది. ఆమె అరిచిన అరుపు పొదల్లోకి వినబడింది. పదకొండు మందిని స్టేషనుకు తీసుకెళ్లారు. వరస తెగగానే అందరూ చెల్లాచెదరయ్యారు. ఎక్కడ తెగిందో అందరూ చూశారు. ఎవరు చెయ్యి వదిలారో ఎవరూ చూడలేదు.

మూడో రోజుకు అందరూ ఇళ్లకు చేరారు. పెద్దలు కూర్చునే రాళ్ల దగ్గర ఊరంతా చేరింది. మగవాళ్లు వేట నుంచి వచ్చి, కొండమీద కొలతల జెండాలు చూసి కోపంగా ఉన్నారు. ఎవరు వదిలారు అన్న మాట వచ్చింది. ఇద్దరమే కదా అక్కడ ఉన్నది. అప్పుడెవరో ఆమె తమ్ముడు ఆ క్యాంపు కూడే తింటున్నాడుగా అన్నారు. అంతే. మనం మొక్కే సంకుదేవుడు చూశాడు కాబట్టే కాలు పోయిందని ఇంకొకరు అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. నేను ఏడుస్తున్నాను. వదిన చేసిన పనికి సిగ్గుపడి ఏడుస్తున్నాననుకుని ఒక ముసలామె నా తల నిమిరింది. ఆ చేతి కింద నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మా అన్న నేల చూస్తూ ఉన్నాడు. వదిన పాదం కట్టు సరిచేసుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే గెడ్డ దగ్గర నీళ్లకు వెళితే ఆమె రాయి మీద కూర్చుని ఉంది. పాదానికి ఆకు కట్టు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఆమె అప్పటికే నన్ను చూసింది.

"నాను ఒగ్గినేదు గుంటా," అంది. "నువ్వు ఒగ్గినావేటి?"

"నాకు తెల్దు వొదినా."

చాలాసేపు నా మొహంలోకే చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"నీకు తెల్దంటే నాకూ తెల్దు. ఎవులడిగినా అదే సెప్తాను. బేగి నీలట్టుకెళ్లు, మీ అమ్మ సూత్తంటాది."

ఆ మధ్యాహ్నమే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. కుంటుకుంటూ వెళ్లింది. మా అన్న ఆపలేదు. ఏడాది తిరక్కుండా ఇంకొకామెను తెచ్చుకున్నాడు. నేను ట్రైనింగుకు వెళ్లాను, ఉద్యోగం వచ్చింది. ఆ తరువాత కూడా మావాళ్లు చాలాసార్లు రోడ్డు మీద నిలబడ్డారు, దెబ్బలు తిన్నారు. గని ఇంకా రాలేదు. అందులో నా చెయ్యి లేదు.

మావాళ్లు ఆ పోరాటం మీద పాట కట్టారు. బాగుంటుంది. కొండ గురించి, గెడ్డ గురించి, స్టేషనుకెళ్లిన పదకొండు మంది గురించి. మధ్యలో ఒక చరణం తమ్ముడి కూటి కోసం చెయ్యి వదిలిన ఆడదాని గురించి. అందులో బుదరి పేరు ఉంది. అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఆ చరణం దగ్గరకు రాగానే నేల మీద ఉమ్మేసి పాడతారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ పాట మొదలైతే నేను ఏదో ఒక వంక పెట్టి లేచిపోతాను. థింసాకు చెయ్యి చాస్తే నడుం నొప్పంటాను.

వదిన వెళ్లిపోయిన ఏడెనిమిదేళ్లకు సరిహద్దు దగ్గర సంతలో జ్వరాల క్యాంపు పెట్టారు. వేలి నుంచి రక్తం చుక్క తీసి గాజు పలక మీద పెట్టడం నా పని. తల దించుకుని చేస్తున్నాను. ముందుకు ఒక చెయ్యి వచ్చింది. కింద వంకరపోయిన కుడి పాదం కనబడింది. తల ఎత్తలేకపోయాను. సూది గుచ్చాను, చుక్కను పలక మీద పెట్టాను. పేరు అడగాలి, రాయాలి. అడిగాను. చెప్పింది. ఇంటిపేరు అడిగాను.

మా ఇంటిపేరు చెప్పింది.

తన పుట్టింటిది కాదు. మాది. ఆమెను ఆపని ఇంటిది. అప్పుడైనా నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఉండొచ్చు. వెనక జనం ఉన్నారని, డాక్టరుగారు చూస్తున్నారని, రేపు ఈ సంగతి ఊరికి చేరుతుందని అనుకున్నాను. రాసుకున్నాను. తరువాతి మనిషిని పిలిచాను. మొదటిసారి వదిలినప్పుడు జీపు మీదికి వస్తోంది. రెండోసారి ఏం వస్తోంది?

ఇది చదివి ఆమె క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. ఆమెకు చదువు రాదు. ఊళ్లోవాళ్లు చదివితే ఏం చేస్తారోనని ఇప్పటికీ భయమే. పేరు దాచుకునే రాశాను, చూశారుగా. అయినా ఆ ఒక్క మాట కాగితం మీద పెట్టాక ఈ పూట ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది.

ఆ పాట మీరెక్కడైనా వింటే ఆ చరణం దగ్గర పాడేవాళ్లను ఆపండి. బుదరి చెయ్యి వదల్లేదని చెప్పండి. వదిలింది ఆమె ఆడపడుచు అని చెప్పండి. ఎవరా ఆడపడుచు అని వాళ్లు అడగరు. బుదరికి ఆడపడుచును నేనొక్కదాన్నే.