బాణపు చిల్లు లేని తోలు

ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున తోళ్లు పదును చేసేవాళ్లలో ఎర్కెకున్నంత నోరు ఇంకెవరికీ లేదు. కొండ ఉడుత తోలు చేతికి రాగానే లోపలివైపు తిప్పి, చూపుడువేలితో తడుముతూ బాణపు చిల్లు వెతుకుతుంది. చిల్లుంటే వేటగాడు కొట్టాడన్నమాట. లేకపోతే ఉడుత జబ్బు చేసి తనంతట తను చచ్చిపడి ఉంటే ఎవడో ఏరుకొచ్చాడన్నమాట. మనిషిని చూడగానే ఈల వేసి బొరియలో దూరని ఉడుతను మా కొండల్లో ఎవరూ ముట్టరు. ముట్టినవాళ్ల గుడారాలు ఏమయ్యాయో ఎర్కెకు తెలుసు. ఆమె పుట్టింటి గుడారంలోంచి బతికి బయటపడింది ఆమె ఒక్కతే.

పడమటి వర్తకులకు చెప్పినా వింటేగా! చిల్లు లేని తోలే వాళ్లకు మేలురకం. ఆ ఏడు ఖాన్ దాయాదులు కొట్టుకు చస్తున్నారు, సైన్యాలకు చలికోట్లు కావాలి, గిరాకీ ఇంకా పెరిగింది. ఎర్కె మాత్రం అలాంటి మూటల్ని గడప బయటికి తోసేసేది. ముసలిదానికి చాదస్తమని ఊరంతా నవ్వింది. ఆ మూటలు పక్క ఊళ్లో పదునై, కోట్లై, ఒంటెల మీద శిబిరాలకు పోయాయి. కొడుకు సల్తుక్ ఉన్న శిబిరానికీ పోయుంటాయన్న దిగులు ఆమెను తినేసింది.

చలికాలం చివర సల్తుక్ తిరిగొచ్చాడు, రెండేళ్ల తరువాత. కోడలు కుమిష్ చంటిపిల్లను చంకనేసుకుని పరిగెత్తబోతే ఎర్కె ఆపి, తానే ఎదురెళ్లింది. కొడుకు ఒంటి మీద కొత్త కోటుంది. యుద్ధంలో చచ్చినవాడి ఒంటి మీంచి వలిచాడట. ఎర్కె కోటు అంచు తిప్పి, చిల్లు మూసి కుట్టిన అతుకు కోసం తడమసాగింది.

"ఏంటమ్మా, ఇన్నాళ్లకొస్తే నన్ను చూడకుండా కోటు చూస్తావ్?" అని నవ్వాడు సల్తుక్.

ఒక్క అతుకూ వేలికి తగల్లేదు.

"విప్పరా. అక్కడే పడెయ్. గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా."

కోటు అక్కడే తగలబెట్టింది. తనూ ముట్టుకుంది కాబట్టి తనూ ఇంట్లోకి వెళ్లలేదు. కొడుకును తీసుకుని కొండ మీద గొర్రెల కొట్టానికి నడిచింది. వెనకాల కుమిష్ ఏడుస్తుంటే దూరం నుంచే కేకేసి చెప్పింది.

"ఏడవకే. రోజూ పొద్దున్నే ఇద్దరం ఈల వేస్తాం. అది విని, పాలు బండ మీద పెట్టి వెనక్కి తిరిగిపో. ఒక్కటే వినబడినా దగ్గరికి రాకు. ఒక్కటీ వినబడకపోతే కొట్టానికి నిప్పు పెట్టు. పిల్ల నీ చేతిలో ఉంది, మర్చిపోకు."

మూడు పొద్దులు రెండు ఈలలు వినిపించాయి. నాలుగో పొద్దున ఒక్కటే. ముందుపళ్లు లేని నోటి ఈల, గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ. కుమిష్ బండ పక్కన కూలబడి గుండెలు పగిలేలా ఏడ్చింది. పాలు పెట్టింది. దగ్గరికి మాత్రం పోలేదు.

ఆ ఈల పన్నెండు రోజులు ఒంటరిగా మోగింది. తరువాతి పొద్దున ఎర్కె కొట్టానికి తన చేతులతోనే నిప్పు పెట్టింది. కొడుకు లోపలే ఉన్నాడు. మంట ఆరేదాకా నిలబడి, చన్నీళ్లలో మునిగి, కుమిష్ బండ మీద ఉంచిన బట్టలు కట్టుకుని కొండ దిగింది.

ఆ వేసవిలో పక్క ఊళ్లో సమాధిరాళ్లు చెక్కేవాడికి తీరిక లేకపోయింది. మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు. తోళ్లు పట్టుకుని ఎర్కె వాకిట్లో వరసగా నిలబడ్డారు. ఆమె ఒళ్లో మనవరాలు కూర్చుని ఉండేది. ఆ చిట్టి చూపుడువేలు పట్టుకుని, ఎర్కె తోలు మీద చిల్లు వెతికించేది.