డ్రమ్ములో అడుగు నాలుగు వేళ్ళు

మా డీజిల్ మేస్త్రి పోయాడన్న మాట నాకు జువ్వలదిన్నె రేవులో, ఐసు కొట్టే చోట తెలిసింది. పొద్దున కాఫీ తాగి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీదికి ఒరిగిపోయాడట. అరవై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో, నాకంటే బాగా చిన్నవాడు. నేను తట్ట కింద పెట్టేశాను. పక్కన ఐసు ఎత్తుకుంటున్న పోలమ్మ, "మంచోడే పాపం, ఆ కుళ్ళు డీజిల్ పని ఒక్కటీ చెయ్యకుండా ఉంటే" అంది.

ఆ మాట కోసమే ఇది రాయిస్తున్నాను. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆయన మీద ఊళ్ళో ఒక తప్పు నిలిచిపోయింది. అది ఆయనది కాదు, నాది. అదెట్లాగో చెబుతాను, వినండి.

రేవు రోడ్డు మీద ఆయన షెడ్డు. పడవ ఇంజన్లు, చేపల వ్యాన్లు, ట్రాక్టర్లు, డీజిల్ తాగేది ఏదైనా అక్కడికే వచ్చేది. పానా పట్టుకునే ముందు ఆయన చాలాసేపు వినేవాడు. ఇంజన్ వేయించి, పక్కన రాయి మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. విప్పిన బోల్టులు కొబ్బరి చిప్పల్లో వరసగా పెట్టుకునేవాడు. ఎవరైనా ఒక చిప్ప జరిపితే ఆ రోజంతా వాళ్ళతో మాటల్లేవు. మొదటిసారి మా వ్యాను తీసుకుపోయినప్పుడు, మనిషి ఊరికే కూర్చున్నాడని నేను తిట్లు మొదలుపెట్టాను. అంతా విని కళ్ళు తెరిచి, "అక్కా, నీ నోరు ఇంజనుకు బిగిస్తే ఇంక స్టార్టరు అక్కర్లేదు" అన్నాడు. ఆనాటి నుంచి నేను ఆయనకు అక్కనే.

మా ఇంటాయన సముద్రం మీదికి పోలేని రోజు వచ్చాక పడవ అమ్మేశాం. పడవకని కొన్న డీజిల్ సగం డ్రమ్ము మాత్రం వసారాలో ఉండిపోయింది. రెండు వానాకాలాలు దాని మీదుగా పోయాయి. వ్యాను తోలే మా కొడుకు దాన్ని పారబోస్తానన్నాడు. కొన్న వస్తువు పారబోసే ఇంట్లో నేను పుట్టలేదు. మేస్త్రిని పిలిపించాను.

ఆయన వచ్చి ముందు డ్రమ్ము మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "కదపబాక అక్కా. నిద్రపోయే బిడ్డనుకో" అన్నాడు. ట్యూబు దించి, పైనుంచి ఒక గాజు సీసా, అడుగు నుంచి ఒక గాజు సీసా పట్టాడు. వేలితో కాస్త ముంజేతి మీద రాసుకుని వాసన చూశాడు. సీసాలు రెండూ కిటికీలో పెట్టి మర్నాడు వస్తానని పోయాడు.

మర్నాడు పైనుంచి పట్టిన సీసాను గోడ మీది క్యాలెండరు ముందు పెట్టి అడిగాడు.

"లక్ష్మీదేవి కళ్ళు కనపడతన్నాయా?"

"కనపడతన్నాయి."

"రంగు ముదిరినా ఇది బండికి పనికొస్తాది. ఇప్పుడీ రెండోది చూడు."

రెండో సీసాలో కళ్ళు కాదు గదా, అమ్మవారే లేదు. అంతా మసక. అడుగున వేలెడు నీళ్ళు, ఆ నీళ్ళ మీద నాచు లాంటి నల్లటి పోగులు.

"సగం ఖాళీగా ఉన్న డ్రమ్ము లోపల చెమట పడతాది. ఆ నీళ్ళు అడుక్కి దిగి కూర్చుంటాయి. నీళ్ళున్న చోట ఈ పాచి పుడతాది. పాలు విరిగితే తెలస్తాది అక్కా, డీజిల్ ఏం చెప్పదు."

ఎట్లా వాడాలో కూడా చెప్పాడు. పైనుంచే ట్యూబుతో తీయాలి. నాలుగు మడతల పంచెలో వడగట్టాలి. సగం పాతది, సగం బంకులో కొన్న కొత్తది కలిపి పోయాలి. కొన్నాళ్ళకే ఫిల్టరు మార్చాలి. "గుడ్డ చెత్తనాపుతాది గానీ నీళ్ళనాపదు" అని రెండుసార్లు చెప్పాడు. చివరికి డ్రమ్ము అడుగున బయటి నుంచి నాలుగు వేళ్ళు ఆనించి, "ఈ నాలుగు వేళ్ళ మందం నీది కాదు అక్కా, డ్రమ్ముది" అన్నాడు.

"డ్రమ్ముకు నేనెందుకు పెట్టాలి కూడు?" అన్నాను. ఆయన నవ్వి పోయాడు.

చెప్పింది చెప్పినట్టు చేసినన్నాళ్ళూ బండి బ్రహ్మాండంగా నడిచింది. ఫిల్టరు మార్చినప్పుడు ఆయనే చూసి, సరేనన్నాడు. అట్లా డ్రమ్ము అడుగుకు వచ్చింది. నేను చేపల పులుసు వండే మనిషిని. మాకు కుండ అడుగునే కదా రుచంతా. అడుగు వదిలే చేతిని అత్తగారు కొట్టిన ఇంట్లో కాపురం చేశాను. ఒక పొద్దున మా వాడు లేచేలోగా డ్రమ్ము కింద ఇటుక పెట్టి వంచాను. క్యాను నిండింది. వడగట్టాను. పంచెకు అంటిన నల్లటి జిగురు ఉతికి ఆరేశాను, చెత్తంతా పోయిందనుకున్నాను. కొత్త డీజిల్ కలపకుండా అంతా తీసుకుపోయి ట్యాంకులో పోశాను. మా వాడికి చెప్పలేదు.

ఆ రోజు బండిలో ఆరుగురి చేపలున్నాయి. నెల్లూరు మార్కెట్టుకు పోతున్నాం. పోలమ్మా నేనూ ముందు కూర్చున్నాం. కోవూరు ఇంకా రాలేదు, రెండు పక్కలా వరి మడులు. బండి దగ్గింది, తెల్ల పొగ వదిలింది, ఆగిపోయింది. ఫోను చేస్తే మేస్త్రి అంత దూరమూ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆయన వచ్చేసరికి ఐసు కరిగి రోడ్డు మీద కారుతోంది.

పోలమ్మ ఆయన్ను బండి దిగనివ్వలేదు. "ఏంది మేస్త్రీ, కుళ్ళిపోయిన డీజిల్ పోసుకోమని చెప్పింది నువ్వే గదా?"

ఆయన ఫిల్టరు కింది మర విప్పి అరచెయ్యి పట్టాడు. చేతిలో నీళ్ళు నిలిచాయి, నీళ్ళలో ఆ నల్ల పోగులు. ఆయన వాటిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను వరి మడుల వైపు తిరిగాను.

"అవునమ్మా, నేనే చెప్పినాను. తప్పు నాదే" అన్నాడు.

ట్యాంకంతా దించి, కడిగి, కొత్త డీజిల్ పోసి, చేత్తో పంపు కొట్టి గాలి తీశాడు. బండి కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. వంజరం చేపల కళ్ళు తెల్లబడ్డాయి. మార్కెట్లో ఒక్కరూ ముట్టుకోలేదు.

తర్వాత రేవులో వ్యాన్లు ఆయన దగ్గరికి రావడం మానేశాయి. పోలమ్మ మొగుడు తన ట్రాక్టరుకు చిన్న రిపేరు వచ్చినా బిట్రగుంట దాకా పోయేవాడు. మేస్త్రి రొయ్యల గుంటల మీద ఇంజన్లు చూసుకుంటూ రోజులు నెట్టాడు. ఒకసారి ఉండబట్టలేక షెడ్డుకు పోయాను. "నేను అందరికీ చెప్పేస్తాను మేస్త్రీ" అన్నాను.

"చెబితే నీ బండిలో చేపలెవరేస్తారు? నాకు పని యాడైనా దొరకతాది. నీ కొడుక్కు ఆ బండొక్కటే. గమ్మునుండు అక్కా."

గమ్మునున్నాను. ఆయన మాట మన్నించానని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే, ఆయన ఆ మాట అనగానే నాకు ప్రాణం కుదుటపడింది. ఊళ్ళో ఎవరితోనైనా జుట్టు పట్టుకుని పోట్లాడగల దాన్ని, నాలుగేళ్ళు ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాల దగ్గర, విస్తళ్ళు ఎత్తకముందే లేచి నిలబడి చెప్పేశాను. "అమ్మా, ఇప్పుడెందుకు?" అని మా వాడు చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకుని మొత్తం చెప్పాను. డ్రమ్ము వంచింది నేను. దాచింది నేను.

పోలమ్మ చెయ్యి కడుక్కోకుండానే నా దగ్గరికి వచ్చింది. "నాలుగేళ్ళు ఆయన్ను నేను తిడతా ఉంటే వింటా కూర్చున్నావా?"

"విన్నాను."

మేస్త్రి భార్య వడ్డించే గిన్నె కింద పెట్టింది. "నాకు తెలుసు వదినా. ఆ సాయంత్రమే చెప్పినాడు."

"నన్ను తిట్టినాడా?"

"లేదు. డ్రమ్ము వంచుంటాది, పులుసు కలిపే చెయ్యి గదా, ఊరుకుంటాదా అని నవ్వినాడు."

ఆ ఇల్లాలు నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం నా దగ్గరే చేపలు కొన్నది. ఒక్కరోజు కూడా మొహం తిప్పుకోలేదు.

మర్నాడు మా వ్యానుకు పోలమ్మ తట్ట రాలేదు. ఇంకో ముగ్గురివీ రాలేదు. మా వాడు నాతో మాట్లాడటం లేదు. అది న్యాయమే. మేస్త్రి అన్నది అన్నట్టే జరిగింది.

నేను నడిచి రేవుకు పోతుంటే, మూసిన షెడ్డు ముందు పోలమ్మ మొగుడి ట్రాక్టరు ఆగి ఉంది. అతను దాని మీదికెక్కి, తడి తువ్వాలుతో షెడ్డు బోర్డు తుడుస్తున్నాడు. ఉప్పుగాలికి పట్టిన తెల్లటి పూత వదులుతూ, కింద ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. నాకు చదవడం రాదు. అది ఆయన పేరని మాత్రం తెలుసు. బోర్డు మీద తడి ఆరేదాకా తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడే నిలబడ్డాను.