పొలం తలుపు

మా ఊళ్ళో రైలుపెట్టెకి ఉండేవి ప్లాట్‌ఫారం తలుపు, పొలం తలుపు. ఈ రెండో మాట మా ఊరు దాటితే ఎవరికీ తెలియదు. గుంటూరులో బయల్దేరిన బండి నల్లపాడు, నరసరావుపేట దాటాక వచ్చే చిన్న హాల్టు మాది. నా చిన్నప్పుడు మీటరుగేజి రోజుల్లో ప్లాట్‌ఫారమే లేదు. మా ఇళ్ళు పట్టాలకి పొలాల వైపు ఉండేవి కాబట్టి అందరం అటునుంచే, కంకర మీద నిలబడి, కమ్మీ పట్టుకుని ఎగబాకేవాళ్ళం. తర్వాత పెద్ద పట్టాలు పడ్డాయి. అవతల వైపు ప్లాట్‌ఫారం, టికెట్ల గది వెలిశాయి. మన పాసింజరు రాయలసీమ దాకా పోతోందని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అంత గొప్ప బండిని కూడా మావాళ్ళు అవతల టికెట్టు కొనుక్కుని, మళ్ళీ పట్టాలు దాటి ఇవతలికొచ్చి ఎక్కేవాళ్ళు. ప్రమాదమని పంతులమ్మగా నేను ఎంత గొంతు చించుకున్నా నవ్వేసేవాళ్ళు.

ఆ బండి మీద బతికిన మనిషి మా పిన్ని. పొద్దున్నే గోంగూర కోసి, కట్టలు కట్టి, గంపకెత్తుకుని నరసరావుపేటకి పోయి అమ్ముకునేది. అమ్మకం కన్నా పెట్టెలో చెప్పుకునే కబుర్లంటేనే ఆమెకి ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

కరోనా వచ్చి బండి ఆగిపోయింది. తిరిగి వచ్చేసరికి పేరు మార్చుకుని ఎక్స్‌ప్రెస్ అయింది, మా దగ్గర ఆగడం మానేసింది. పెద్ద ఉద్యోగం రాగానే చుట్టాల్ని మరిచిపోయిన మనిషిలా మా ముందు నుంచే దూసుకుపోతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆటోవాడేమో, "నువ్వొక్కదానివైతే ఎక్కు పెద్దమ్మా, గంపకి చోటు లేదు" అనేవాడు. చేసేది లేక పిన్ని గంప బోర్లించి మిరప కోతకి పోయింది. ఎండలో వంగి కోసీ కోసీ, ఆ ఘాటుకి ఇంటికొచ్చాక కూడా దగ్గుతూనే ఉండేది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

అర్జీల మీద అర్జీలు పెట్టగా చివరికి రైల్వేవాళ్ళు, కొన్నాళ్ళు బండి ఆపి చూస్తాం, జనం ఎక్కితే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం అన్నారు. పిన్ని చర్చిలో బండి కోసం ప్రత్యేక ప్రార్థన చేయించింది. పాస్టరుగారు రోగుల తర్వాత వరస దానికే ఇచ్చారు.

జనం నిజంగా ఎక్కుతున్నారో లేదో చూడటానికి ఒకరోజు ఆఫీసరు వస్తున్నారన్నారు. ఆయనకి మర్యాద చేద్దామని నేను మజ్జిగ గ్లాసుతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పత్తి ట్రాక్టర్ల వెనక చిక్కుకుని ఆయన జీపు ఆలస్యమైంది. ఆయన వచ్చేసరికే బండి ఆగి ఉంది. ప్లాట్‌ఫారం మీద నేనూ, మజ్జిగా తప్ప మరేమీ లేదు.

"టికెట్లు బాగానే తెగాయంట, మనుషులేరండీ?" అన్నారాయన. "బండి నిలబెట్టుకోడానికి ఊరికే టికెట్లు కొనే ఊళ్ళు చాలా చూశాంలెండి."

అప్పుడు చూశాను పెట్టెల్లోకి. మావాళ్ళంతా అలవాటు చొప్పున పొలం తలుపుల్లోంచి ఎక్కేసి హాయిగా కూర్చున్నారు. పిన్ని కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతోంది కూడా!

గ్లాసు ఆయన చేతిలో పెట్టేసి కిటికీల వెంట పరిగెత్తాను. "దిగండే! అందరూ ఇటు దిగండి! మీరు కనపడకపోతే బండి తీసేస్తారంట!"

"ఎక్కేసరికే సచ్చాం గదే, మళ్ళీ దిగేదేందే?" అని అరుస్తూనే పిన్ని గంప నెత్తినెట్టుకుని ప్లాట్‌ఫారం తలుపులోంచి దిగింది. వెనకే మా ఊరంతా దిగింది. "ఇదిగో సారూ, చూడండి! ఇంకా చూడాలంటే అటు తిరగమన్నా తిరుగుతా" అంటూ పిన్ని ఆయన ముందు గిర్రున ఒక చుట్టు తిరిగింది. పచ్చజెండా పట్టుకున్న గార్డు ఊపడం మానేసి నవ్వుతున్నాడు. ఆఫీసరుగారికి మజ్జిగ పొలమారింది. మళ్ళీ ఎక్కేటప్పుడు పిన్ని గంపకి ఆయనే ఓ చెయ్యి వేశారు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

అయినా పిన్నికి ధైర్యం చాల్లేదు. ఒక్క మడిలోనే గోంగూర వేసి, వారానికి రెండు రోజులే పేటకి పోతూ, మిగతా రోజులు కోతకి పోతూనే ఉంది. చివరికి బండి మా హాల్టులో ఇక ఎప్పటికీ ఆగుతుందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే కూలీల మేస్త్రి గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, రేపు పొద్దున్నే మిరప కోత. వస్తావా?"

పిన్ని కట్టలు కడుతూ తలెత్తకుండానే చెప్పింది.

"నాకు బండుందిరా."